కన్నతల్లి గురించి నిజం రాస్తే తప్పా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో ఒకమ్మాయి వాళ్లమ్మ గురించి రాసిన వ్యాసం చదివాను. ఆ తర్వాతి వారం దానిమీద వచ్చిన ఉత్తరాలూ చదివాను. ఉత్తరాలన్నీ దాదాపు ఒకే పాట. కన్నతల్లిని బజారుకీడ్చింది, నవమాసాలు మోసినందుకు ఇదా ఫలితం, రేపు నువ్వూ తల్లివయ్యాక తెలుస్తుంది, ఇలాంటివి వేయడం మీ పత్రికకి తగునా, ఇదే వరస. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. కానీ ఆ ఉత్తరాలకి ఒక్క జవాబైనా రాకపోతే ఇంకెవరూ మీకు అలాంటి వ్యాసం పంపే ధైర్యం చేయరేమోనని భయమేసి రాస్తున్నాను. కాస్త పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

అసలు ఆ అమ్మాయి ఏం రాసింది? ఫోన్ మోగి, తెరమీద అమ్మ పేరు కనిపిస్తే ముందు టెన్షన్ వస్తుందని, ఎత్తి ఆ గొంతు వినగానే ప్రాణం కుదుటపడుతుందని, ఈ రెండూ ఒకే నిమిషంలో జరుగుతాయని రాసింది. చిన్నప్పుడు మార్కులు తగ్గితే అమ్మ రెండు మూడు రోజులు మాట్లాడేది కాదని, ఆ మౌనం దెబ్బలకన్నా ఎక్కువ నొప్పి పెట్టేదని రాసింది. ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా ఒక పూట ముభావంగా ఉంటే చాలు, తనేం తప్పు చేసిందా అని వెతుక్కుంటానని రాసింది. ఇందులో తిట్టు ఎక్కడుంది, ద్వేషం ఎక్కడుంది? అమ్మంటే పట్టనిదైతే ఇంత జాగ్రత్తగా గమనించి ఉండేది కాదు. మనకి పట్టని మనుషుల గురించి రెండు ముక్కల్లో తేల్చేసి ఊరుకుంటాం.

ఏటా మదర్స్ డే వస్తే మీ పత్రికతో సహా అన్నిట్లోనూ అమ్మ మీద ప్రత్యేక పేజీలు వస్తాయి. నేను వాటిని శ్రద్ధగానే చదువుతాను. ఫొటోలు అటూ ఇటూ మార్చేస్తే ఎవరి వ్యాసం ఎవరిదో చెప్పలేం. అందరి అమ్మలూ తెల్లవారకముందే లేస్తారు, అందరికన్నా ఆఖర్న పడుకుంటారు, ఎవరికీ కోపం రాదు, విసుగు రాదు, తమకంటూ ఏదీ కావాలని ఉండదు. ఆమెకి స్నేహితురాళ్లు ఉన్నారా, ఏ మాటకి పడీపడీ నవ్వుతుంది, ఎవరిమీద ఏళ్ల తరబడి అలిగి కూర్చుంది, ఏ పని ఆమెకి చేతకాదు, ఇవేవీ ఉండవు. అవన్నీ చదివాక ఆ అమ్మ వీధిలో ఎదురైతే గుర్తుపట్టగలమా? రాసినవాళ్లకి ప్రేమ లేదని నేననను, చాలామంది కళ్లనీళ్లు పెట్టుకునే రాసుంటారు. కానీ ఆ పొగడ్తలో మనకొక సౌకర్యం ఉంది. ఆమెని దేవతని చేసేస్తే ఇక ఆమెని అడగాల్సిందేమీ మిగలదు. ఆ నడుం నొప్పి ఎప్పట్నుంచి ఉందని, ఆ ఉద్యోగం ఎందుకు మానేశావని, చదువు ఆపేసిన రోజు ఏమనిపించిందని దేవతని ఎవరూ అడగరు.

మదర్స్ డేని మొదలుపెట్టిన మనిషి సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికాలో ఆన్నా జార్విస్ అనే ఆవిడ, 1905లో తల్లి పోయాక, తల్లుల కోసం ఒక రోజుండాలని పట్టుబట్టి 1908లో మొదటిసారి జరిపించింది. 1914లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ దాన్ని అధికారికంగా ప్రకటించాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆవిడ ఆ రోజు చుట్టూ పెరిగిన పూల వ్యాపారం మీద, గ్రీటింగ్ కార్డుల మీద పోరాటానికి దిగింది, ఉన్న డబ్బంతా దానికే పెట్టింది. అచ్చేసిన కార్డు కొని పంపడమంటే, నిన్ను పెంచిన మనిషికి నీ చేత్తో నాలుగు వాక్యాలు రాయడానికి బద్ధకించడమేనని ఆవిడ వాదన. లోకంలోని తల్లులందరికీ కలిపి ఒక పండగ కావాలని ఆవిడ అనుకోలేదు, ఎవరి తల్లిని వాళ్లు తలుచుకోవాలని అనుకుంది. అచ్చు కార్డుతో చిక్కేమిటంటే అది ఏ అమ్మకైనా సరిపోతుంది. మన ప్రత్యేక పేజీల్లో వచ్చే వ్యాసాలూ ఏ అమ్మకైనా సరిపోతున్నాయి. ఆ అమ్మాయి రాసింది మాత్రం వాళ్లమ్మకి తప్ప ఇంకెవరికీ సరిపోదు.

కొడుకు అమ్మ గురించి రాయడం వేరు, కూతురు రాయడం వేరు అని నాకనిపిస్తుంది. అన్ని ఇళ్లలో కాకపోవచ్చు, కానీ చాలా ఇళ్లలో. కూతురికి "వద్దు" అనే మాట ఎక్కువగా ఎవరి నోటినుంచి వస్తుంది? అమ్మ నోటినుంచే. ఆలస్యంగా రావద్దు, గట్టిగా నవ్వద్దు, అలా కూర్చోవద్దు, ఎదురు చెప్పొద్దు, నలుగురూ ఏమనుకుంటారు. ఈ నియమాలు అమ్మ కనిపెట్టినవి కావు, ఆమెకి వాళ్లమ్మ అప్పజెప్పినవి, ఆ వెనక ఇంకా ఎవరెవరో ఉన్నారు. పన్నెండేళ్ల పిల్లకి అదంతా ఏం తెలుస్తుంది, ఎదురుగా నిలబడి వద్దంటున్న మనిషే కనిపిస్తుంది. సాయంత్రం నాన్న వచ్చి "పోనీలేవే, వెళ్లనీ" అంటే నాన్న మంచివాడైపోతాడు. "పోనీలే" అనగలిగే పెత్తనం ఆయనది, కాపలా కాసే పని ఈమెది, రేపు పిల్ల ఏదైనా చేస్తే "అంతా నీ పెంపకమే" అని మాట పడేదీ ఈమే. "మా నాన్న చాలా ఫ్రీ, అమ్మే స్ట్రిక్ట్" అని ఎంతమంది ఆడవాళ్లు చెప్పగా విన్నానో. కాబట్టి అమ్మ గురించి నిజాయితీగా రాయాలంటే ఆ ఇంట్లో నాన్న ఎక్కడ కూర్చున్నాడో కూడా రాయాలి, లేకపోతే ఆమె ఏ కారణమూ లేకుండా కఠినురాలిగా కనిపిస్తుంది. ఆ అమ్మాయి వ్యాసంలో నాకు లోటనిపించింది ఇదొక్కటే, నాన్న ఊసే లేదు. తప్పు పట్టదలచుకున్నవాళ్లు ఈ సంగతి ఎత్తి ఉంటే బాగుండేది, ఒక్కరూ ఎత్తలేదు.

ఇంకొకటి. కూతురు అమ్మని చూస్తున్నప్పుడు కొంత తనని తాను కూడా చూసుకుంటుంది. అమ్మలా ఉండకూడదని పట్టుదలగా పెరిగిన ఆడపిల్ల నోట్లోంచి, ముప్పయ్యో నలభయ్యో దాటాక, అచ్చం అమ్మ మాట అదే విరుపుతో వచ్చేస్తుంది. కొడుకులు అమ్మ పోలిక తమలో కనిపిస్తే మురిసిపోతారు. కూతుళ్లకి ఆ క్షణంలో మురిపెం, ఉలికిపాటు రెండూ కలుగుతాయి. ఈ రెండోది రాయకూడదంటే ఎలా?

మా అమ్మ గురించి నేనూ కొంత రాసుకున్నాను, ఎక్కడా వేయలేదు. ఆమెకిప్పుడు డెబ్బై దాటాయి. రాసిన కాగితాలు ఒక మధ్యాహ్నం ఆమెకే ఇచ్చి చదవమన్నాను. కళ్లజోడు పెట్టుకుని, కాగితం కాస్త దూరంగా పట్టుకుని, ఒక్కో లైను కింద వేలు జరుపుకుంటూ చదివింది. నేను అక్కడ కూర్చోలేక పక్క గదిలోకి వెళ్లాను. నాకు ఆరేళ్లప్పుడు ఆమె నన్ను గట్టిగా కొట్టిన రోజు గురించి అందులో ఉంది. చాలాసేపటికి పిలిచింది. "స్కేలుతో కొట్టానని రాశావేంటే? చేత్తోనే కొట్టాను. రాసేది సరిగ్గా రాయి" అంది. "పోనీ కొట్టిన సంగతే తీసెయ్యనా అమ్మా?" అన్నాను. "ఎందుకు తియ్యడం, కొట్టాను కదా. అప్పుడు నాకెన్నేళ్లో కూడా రాయి, ఇరవై ఆరు" అంది. ఆ తర్వాత కాగితంలో ఇంకోచోట వేలు పెట్టి, ఇది మాత్రం ఉంచొద్దంది. నా లెక్కలో అది ఎవరికీ ఏ నష్టమూ లేని చిన్న సంగతి, ఇంకా చెప్పాలంటే ఆమెని మంచిగా చూపించేది. ఎందుకమ్మా అంటే, "అది నాది" అంది. అంతకుమించి చెప్పలేదు. తీసేశాను, అదేమిటో ఇక్కడా చెప్పను.

స్కేలా, చెయ్యా అన్నదానిమీద మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు. నాకు స్కేలు చప్పుడు గుర్తుంది, ఆమెకి తన అరచెయ్యి మండటం గుర్తుంది. రెండూ రాసి పెట్టాను. కానీ ఆ "ఇరవై ఆరు" నన్ను ఇప్పటికీ వదలడం లేదు. నేను పనిచేసేచోట ఇరవై ఆరేళ్ల అమ్మాయిలున్నారు, ఒక మెయిల్ తప్పుగా పంపితే రోజంతా బెంబేలెత్తిపోతారు, వాళ్లని చూస్తే నాకు పిల్లల్లాగే అనిపిస్తుంది. ఆ వయసుకి మా అమ్మకి ఆరేళ్ల పిల్ల, ఇంకో చంటిది, ఇల్లంతా ఆమె మీదే. నా జ్ఞాపకంలో మాత్రం ఆమె ఎప్పుడూ పెద్దావిడే. దీనివల్ల ఆ దెబ్బ నొప్పి తగ్గిందని నేననడం లేదు, అది ఎంత ఉందో అంతే ఉంది. ఆ గదిలో అప్పుడు ఒక పిల్ల, ఒక పెద్దమనిషి ఉన్నారనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ పెద్దమనిషి కూడా చిన్నదే.

తల్లికి బిడ్డ మీద ప్రేమ తప్ప ఇంకేమీ కలగకూడదని మనం పెట్టుకున్న నియమం వల్ల ముందు నష్టపోతున్నది తల్లులే. బ్రిటన్‌లో డొనాల్డ్ విన్నికాట్ అని ఒక పిల్లల డాక్టరు ఉండేవాడు, మానసిక విశ్లేషకుడు కూడా. 1949లో అచ్చయిన ఒక పరిశోధన పత్రంలో ఆయన, మామూలు తల్లికి తన పసిబిడ్డ మీదే ద్వేషం కలగడానికి ఉండే కారణాలని వరసగా 18 రాశాడు. బిడ్డ మోయడంలోనూ కనడంలోనూ ఆమె ఒంటికి ప్రమాదం, ఆమె సొంత జీవితానికి అడ్డు, ఆమెని జీతంలేని పనిమనిషిలా చూస్తుంది, ఇలా సాగుతుంది ఆ జాబితా. తల్లులు చెడ్డవాళ్లని నిరూపించడానికి ఆయన ఇది రాయలేదు. ఇంత కోపం లోపల ఉండి కూడా దాన్ని బిడ్డ మీద చూపించకుండా ఓర్చుకుంటారని, అదే వాళ్లలో గొప్ప విషయమని రాశాడు. పైగా ఆ ద్వేషమే లేదని నటిస్తూ గారాబపు మాటలతో కప్పెట్టడం బిడ్డకేమీ మేలు చేయదని కూడా అన్నాడు. ఒక డాక్టరు ఇన్నేళ్ల కిందట చెప్పగలిగిన మాట మనం ఒక వ్యాసంలో చదివి తట్టుకోలేకపోతున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం, ప్రసవమైన స్త్రీలలో సుమారు 13 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య వస్తుంది, అందులో ముఖ్యమైనది డిప్రెషన్. వర్ధమాన దేశాల్లో అది దాదాపు 20 శాతం. అంటే అయిదుగురిలో ఒకరు. మా అమ్మ తరంలో దీనికి పేరు పెట్టి పిలిచినవాళ్లే లేరు, బద్ధకం అన్నారు, పొగరు అన్నారు, ఇంకొంచెం ముందుకెళ్లి గాలి సోకిందన్నారు. "మా అమ్మకి నేను పుట్టిన దగ్గర్నుంచీ నేనంటే ఇష్టం లేదు" అని నమ్మి బతుకుతున్న కూతుళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో కొందరి తల్లులకైనా ఆ రోజుల్లో మంచం దిగే ఓపిక లేక, బిడ్డని ఎత్తుకోబుద్ధి కాక, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక గోడకేసి తిరిగి పడుకున్న నెలలు ఉండి ఉంటాయి. ఇవి బయటికి రావాలంటే ఎవరో ఒకరు అడగాలి, ఎవరో ఒకరు రాయాలి. త్యాగమూర్తి అని రాసే వ్యాసంలోకి ఇవి ఎప్పటికీ రావు.

ఉత్తరం రాసిన ఒకాయన, ఆ అమ్మాయి తోబుట్టువులని అడిగితే నిజం తెలుస్తుందన్నారు. అడగొచ్చు. కానీ వాళ్లు చెప్పేది వేరుగా ఉంటే ఈమె అబద్ధమాడినట్టు కాదు. మా చెల్లికి, నాకు దొరికిన అమ్మ ఒకరు కాదు. నేను పుట్టేసరికి ఆమెకి భయం ఎక్కువ, డబ్బు తక్కువ. చెల్లి బడికెళ్లే నాటికి ఆమె ఇంట్లో తన మాట చెల్లించుకోవడం నేర్చుకుంది, కాస్త గట్టిగా నవ్వడం కూడా. అమ్మ ఎప్పుడూ కొట్టలేదంటుంది చెల్లి, అదీ నిజమే. ఒక్కోసారి మాత్రం తోబుట్టువులే పెద్ద సాక్ష్యం అవుతారు. ఇంగ్లిష్ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌కి 13 ఏళ్లప్పుడు, 1895లో, తల్లి పోయింది. నలభై నాలుగేళ్లు వచ్చేదాకా తల్లి తన మనసులో మెదులుతూనే, గొంతు వినిపిస్తూనే ఉండేదని, ఆమెని ఒక నవలలో పెట్టి రాసేశాక అది ఆగిపోయిందని ఆవిడ తర్వాత రాసుకుంది. ఆ నవల 1927లో వచ్చింది. దాదాపు మూడేళ్లు పెద్దదైన అక్క వెనెసా అది చదివి, ఇంతగా అమ్మలా ఉండే చిత్రం సాధ్యమని తను ఊహించనేలేదని చెల్లెలికి ఉత్తరం రాసింది. ఆ నవలలోని తల్లి అందగత్తె, దయ గలది, అందరి జీవితాలూ తనే నడపాలనుకునేది, ఇంటిల్లిపాదికీ తనని పంచిపెట్టి అలిసిపోయేది కూడా. అందులో సుగుణాలు మాత్రమే ఉండి ఉంటే అక్క గుర్తుపట్టేది కాదు.

అమ్మ ముసలిదయ్యాక, జబ్బు పడ్డాక రాయడం ఇంకా కష్టం. ఫ్రెంచ్ రచయిత్రి సిమోన్ ద బొవా తల్లి 1963లో స్నానాలగదిలో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది, ఆస్పత్రిలో చూస్తే క్యాన్సర్ బయటపడింది. ఆ మాట తల్లికి చెప్పలేదు, పేగుల దగ్గర వాపు అని చెప్పారు. అక్కచెల్లెళ్లిద్దరూ చివరిదాకా ఆ అబద్ధాన్ని మోశారు. మరుసటి ఏడాది ఆవిడ ఆ రోజులన్నీ పుస్తకంగా రాసింది, ఆ అబద్ధంతో సహా, తల్లితో తనకి సరిపడకపోవడంతో సహా, సరిపడని ఆ తల్లి పోతే తను ఎంతలా కదిలిపోయిందో దానితో సహా. 2022లో సాహిత్య నోబెల్ అందుకున్న ఫ్రెంచ్ రచయిత్రి ఆనీ ఎర్నో తల్లికి అల్జీమర్స్ వచ్చింది, 1986 ఏప్రిల్‌లో పోయింది. పోయిన కొద్దివారాలకే ఆవిడ తల్లి జీవితం రాయడం మొదలుపెట్టింది, చిన్న కిరాణా దుకాణం, కాఫీ హోటలు నడిపిన ఒక కష్టజీవి కథగా. అంతటితో ఆగలేదు. తల్లిని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లొచ్చినప్పుడల్లా రాసుకున్న ముక్కలు కొన్ని విడిగా ఉండిపోయాయి. వాటిని ఎప్పటికీ బయటపెట్టకూడదనే ముందు అనుకుంది, తల్లి గురించి ఒకే బొమ్మ మిగలాలని. చివరికి 1997లో అవీ అచ్చేసింది, ఒకే బొమ్మ మిగలడం సరికాదని తోచి. తల్లి గురించి ఒకసారి రాసేస్తే పని అయిపోదని నాకు అర్థమైంది ఇక్కడే.

ఇంత దూరం పోనక్కరలేదు. అరుంధతీ రాయ్ 2025లో తన తల్లి మేరీ రాయ్ గురించి పుస్తకం రాసింది. కేరళలోని సిరియన్ క్రైస్తవ స్త్రీలకి తండ్రి ఆస్తిలో సమానవాటా కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో తీర్పు తెచ్చుకున్న మనిషి మేరీ రాయ్, బడి పెట్టి తరాల పిల్లల్ని తీర్చిదిద్దిన మనిషి. ఇంట్లో పిల్లల మీద విరుచుకుపడిన మనిషి కూడా ఆవిడే. కూతురు రెండూ రాసింది. మొదటిది రాసి రెండోది దాచితే మేరీ రాయ్ గొప్పదనం పెరుగుతుందా? నాకైతే అలా అనిపించదు, ఆ పోరాటం ఎంత బరువైనదో, ఆ బరువు ఎవరెవరి మీద పడిందో అప్పుడే తెలుస్తుంది.

ఇక "ఎంతైనా అమ్మే కదా" అనే మాట. ఇది వినడానికి మెత్తగా ఉంటుంది, కానీ ఎంతమంది నోళ్లు నొక్కిందో లెక్కలేదు. మా అమ్మ చేత్తో కొట్టిందా స్కేలుతోనా అని ఇవాళ నవ్వుకుంటూ వాదించుకోగలుగుతున్నానంటే, మా ఇంట్లో దానికి చోటుంది. అందరిళ్లలో ఉండదు. కూతుర్ని ఏళ్ల తరబడి హింసించిన తల్లులున్నారు, ఇంట్లో మగవాడు పిల్లమీద చెయ్యి వేస్తుంటే తెలిసీ నోరు మూసుకోమన్న తల్లులున్నారు, కొడుకు ముందు కూతుర్ని మనిషిగా లెక్కచేయని తల్లులున్నారు. అలాంటి కూతురు రాస్తే చివర్లో క్షమించానని రాయాల్సిన పనిలేదు. పాఠకుల మనసు తేలికపడటం కోసం ఆమె ఆఖరి పేరాలో తల్లి ఒళ్లో తల పెట్టుకోనక్కరలేదు. క్షమించడం, క్షమించకపోవడం, దూరంగా ఉండిపోవడం ఆమె ఇష్టం. మీ ఎడిటింగ్ బల్ల మీదికి అలాంటి వ్యాసం వస్తే దయచేసి "చివర కాస్త పాజిటివ్‌గా ముగించండి" అని తిప్పి పంపకండి.

నిజాయితీ అంటే తెలిసిందంతా కక్కేయడం కాదని నాకూ తెలుసు. అమ్మ కూతురితో కూతురనుకుని చెప్పుకున్నవి ఉంటాయి, తన కాపురం సంగతులు, ఒంటి సంగతులు, ఎవరినో ఇష్టపడిన సంగతి. రచయిత్రితో చెబుతున్నానని ఆమె అనుకోలేదు. వాటిని ఆమె బతికుండగా అడక్కుండా వాడుకోవడం నాకు నచ్చదు. నాకు జరిగింది, నా ఒంటిమీద పడింది, నేను విన్నది నేను రాయొచ్చు. ఆమెకి జరిగింది ఆమెని అడిగి రాయాలి. అడగడానికి ఆమె లేకపోతే, లేదా అడిగినా తెలుసుకునే స్థితిలో లేకపోతే, అప్పుడు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి. అలాగే, రాసిందంతా అచ్చేయాల్సిన పనీ లేదు. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు విద్యార్థులని రోజుకి 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు, తమని బాగా గాయపరిచిన విషయం గురించి రాయమన్నాడు. అచ్చేయడానికి కాదు. జరిగిందీ, దానిమీద తమకి కలిగిందీ రెండూ రాసినవాళ్లు రాసిన రోజున ఇంకా దిగులు పడ్డారు, కానీ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. ముందు అలా తనకోసం రాసుకోవాలి. ఆ కోపం కాగితం మీద కొంత చల్లారాక, ఇందులో ఎదుటివాళ్లకి అందాల్సింది ఏది, నాతోనే ఉండాల్సింది ఏది అనేది మెల్లగా తెలుస్తుంది.

"నువ్వూ తల్లివయ్యాక తెలుస్తుంది" అన్నవాళ్లకి ఒక్కమాట. తల్లి కానివాళ్లు, కాలేనివాళ్లు, కావద్దనుకున్నవాళ్లు కూడా కూతుళ్లే. వాళ్లకి తల్లి గురించి మాట్లాడే అర్హత ఎప్పటికీ రాదా? పోనీ తల్లులయ్యాక తెలిసేదేదో ఉందనుకుందాం, అది ఏమిటో తల్లులే రాయాలి. కూతురు రాసింది నచ్చకపోతే నోరు మూయించే బదులు, పెరిగిన కూతురితో తమకున్న కష్టం గురించి తల్లులు రాస్తే నేను ముందుగా చదువుతాను. కూతురు మాటకి ముందు బెరుకు, ఆమె చదువు ముందు తనేమీ తెలియనిదైపోవడం, తను పొందనివి ఆమె పొందుతుంటే సంతోషంతో పాటు గుచ్చుకునే అసూయ, ఆ అసూయకి సిగ్గు. ఇవి ఉన్నాయని నేను ఎరిగిన తల్లులే నాతో చెప్పారు, గొంతు తగ్గించి.

మీకు నా విన్నపాలు కొన్ని. వచ్చే మదర్స్ డేకి వ్యాసాలు పిలిచేటప్పుడు "అమ్మ ప్రేమ" అని కాకుండా, అమ్మతో మీకు కుదరని విషయం ఏమిటో, మీరు పుట్టకముందు ఆమె ఏం చేసేదో రాయమని అడగండి. పేరు, ఫొటో లేకుండా వేసుకునే వీలివ్వండి, ఎందుకంటే కూతురి పేరు పడితే తల్లి పేరు కూడా పడ్డట్టే. అచ్చుకి ముందు తల్లికి చూపించారా అని రాసినవాళ్లని అడగండి, చూపించలేదంటే కారణం వినండి, కానీ అదే షరతుగా పెట్టకండి, కొందరు చూపించలేరు. మదర్స్ డే పక్కవారమే తల్లులు కూతుళ్ల గురించి రాసిన పేజీ ఒకటి వేయండి.

ఆ అమ్మాయి ఫోన్ నంబరో ఈమెయిలో మీ దగ్గర ఉంటుంది కదా. ఆ ఉత్తరాలు చదివి ఆమె బెదిరిపోయి ఉంటుంది, మీరే ఒకసారి పలకరించండి. రెండో వ్యాసం రాయమనండి, ఈసారి వాళ్ల నాన్న గురించి కూడా.

ఇట్లు,
మీ పాఠకురాలు